ఇంకా సీడీలేనా? అవును, సీడీలే

ముందే ఒక మాట చెప్పేస్తాను. సౌండు బాగుంటుంది కాబట్టి సీడీలు వింటున్నానని నేను అనను. ఆ వాదనతో ఈ రోజుల్లో నెగ్గుకురావడం కష్టం. సీడీ మీద ఉన్నవి అంకెలు. సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతనీ 16 బిట్లలో రాసిపెట్టిన అంకెలు. రెండు చానెళ్లూ కలిపితే సెకనుకి సుమారు 1,411 కిలోబిట్లు. ఆపిల్ మ్యూజిక్ లాంటి సర్వీసులు 2021 నుంచి అంతే వివరంగా, కావాలంటే అంతకన్నా ఎక్కువ వివరంగా కూడా పాటల్ని పంపిస్తున్నాయి. మంచి వైరు ఇయర్‌ఫోన్‌తో వింటే ఏది డిస్కులోంచి వస్తోందో, ఏది టవర్ నుంచి వస్తోందో నా చెవి చెప్పలేదు. చెప్పగలమనేవాళ్లతో నాకు తగువు లేదు, కానీ పందెం కాసేటప్పుడు నేను వాళ్ల పక్కన నిలబడను.

మాది పర్లాకిమిడి. మా ఇంటికొచ్చినవాళ్లు గోడకున్న అర చూసి మొదట నవ్వుతారు, తర్వాత అడుగుతారు. మొన్న మా చిన్నాన్న అయితే సూటిగానే అడిగేశాడు: "ఏటి బాబూ, ఇంకా ఈ పళ్ళేలు తిప్పుతున్నావా? ఫోన్‌లో అన్నీ ఉన్నాయి కదా!"

ఉన్నాయి. ఎవరి దయతో ఉన్నాయి, ఎన్నాళ్లు ఉంటాయి, రేపు ఉన్నది ఇవాళ ఉన్నదేనా అన్నదే నా గొడవంతా. డబ్బిచ్చి కొన్న పాట నిన్న ఎలా ఉందో రేపూ అలాగే ఉండాలి. వినాలనిపించినప్పుడు ఎవరి పర్మిషనూ అక్కర్లేకుండా వినగలగాలి. నేను అడిగేది ఇంతే. చాలా చిన్న కోరిక అనిపిస్తుంది కానీ, ఇవాళ మామూలు మనిషికి దొరికేవాటిలో దీన్ని పూర్తిగా తీర్చేది ఈ 12 సెంటీమీటర్ల ప్లాస్టిక్ బిళ్ల ఒక్కటే.

గత కొన్నేళ్లలో ఏమేం పోయాయో ఒకసారి చూడండి. గూగుల్ ప్లే మ్యూజిక్‌ని 2020 చివర్లో ఆపేశారు. రెస్సో అనే పాటల యాప్ 2024 జనవరి 31తో మన దేశంలో మూతపడింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ వాళ్లు వింక్‌ని మూసేశారు. మా వీధిలో సగంమంది ఫోన్లలో పాటలంటే వింకే. పాటల లిస్టులు, లైకులు, ఓపిగ్గా ఏరుకున్న పాత పాటలు, అన్నీ దానితోపాటే వెళ్లిపోయాయి. కంపెనీ మూతపడకపోయినా పాట పోవచ్చు. 2023లో జీ మ్యూజిక్‌కీ స్పాటిఫైకీ లెక్క కుదరకపోయేసరికి బోలెడు పాటలు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. నెలనెలా డబ్బు కట్టినవాడికైనా, ప్రకటనలు వింటూ ఊరికే విన్నవాడికైనా కనబడింది ఒకటే, బూడిదరంగులోకి మారిన పాట పేరు. వాళ్లని తప్పుపట్టడానికి లేదు. మనం పాటని కొనలేదు. వినే హక్కుని అద్దెకి తీసుకున్నాం. అద్దె ఇంటికి తాళం ఎవరి దగ్గరుంటుందో అందరికీ తెలుసు.

ఇది ఏ ఊరివాళ్లకైనా ఉన్న బాధే. మాలాంటి సరిహద్దు ఊళ్లవాళ్లకి పైన ఇంకొకటి ఉంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు, వాడుకభాష కోసం ఆయన పోరు మొదలుపెట్టిన ఊరు, ఇప్పుడు ఒడిశా మ్యాపులో గజపతి జిల్లా కేంద్రం. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, బ్యాంకులో హిందీ మాకు పుట్టుకతో వచ్చినవే, అందులో కష్టమేమీ లేదు. రథయాత్ర రోజుల్లో భికారీ బల్ పాడిన జగన్నాథ భజనలు వేసుకున్న ఇంట్లోనే తెల్లవారుజామున అన్నమయ్య కీర్తనలు వినబడతాయి. ఎవరికీ ఇది వింతగా ఉండదు.

వింతంతా ఫోన్‌కే. నేనున్న చోటు చూసి ఒడియా పాటలు ముందుకు తోస్తుంది. భాష తెలుగు అని పెడితే కిందటి శుక్రవారం విడుదలైన సినిమా పాటలు కుప్ప పోస్తుంది. ఒక భికారీ బల్ భజన విన్నానంటే వారం రోజులు తెలుగు మాయం. ఒక త్యాగరాజ కృతి విన్నానంటే నేనేదో ముసలి భక్తుణ్ణని తేల్చేసి పొద్దున్నా సాయంత్రం సుప్రభాతమే. రెండు భాషల ఇల్లు అనేది దానికి ఎక్కదు. మనిషి ఏదో ఒక గదిలో సర్దుకోవాలంటుంది. నా అరలో మాత్రం భికారీ బల్ పక్కనే బాలమురళీకృష్ణ ఉంటారు, ఆ పక్కన మా ఆవిడ తెచ్చుకున్న గజళ్లు. ఎవరూ ఎవర్నీ జరపరు.

పాత పాట వెతకడం ఇంకో ప్రహసనం. పల్లవి టైపు చేయగానే లోఫై వెర్షన్, స్లోడ్ రివర్బ్ వెర్షన్, 8డీ ఆడియో అట, డీజే రీమిక్స్, ఎవరో పెళ్లిలో పాడింది, ఎవరో పడగ్గదిలో గిటారు పట్టుకుని పాడింది, వాట్సాప్ స్టేటస్ కోసం కోసిన ముప్పై సెకన్ల ముక్క వరసగా దిగుతాయి. అసలు పాట ఎక్కడో ఆ కింద. అది కూడా "రీమాస్టర్" (పాత రికార్డింగుని మళ్లీ సరిదిద్ది తయారుచేసినది) అని రాసుంటే నాకు అనుమానమే. రీమాస్టర్లన్నీ చెడ్డవని కాదు. మెల్లగా ఉన్న చోటుని పెంచి, గట్టిగా ఉన్న చోటుని అణిచి, మొత్తాన్ని ఒకే మట్టంలో హోరెత్తించే అలవాటు 1990ల నుంచి రికార్డింగ్ లోకమంతా పాకింది. చరణం చివర గొంతు సన్నగా తగ్గి, పల్లవికి మళ్లీ లేచే ఆ తేడా అందులో చచ్చిపోతుంది. సౌండు గురించి నేను మాట్లాడేది ఏమైనా ఉంటే అది ఇదే. సీడీ గొప్పా స్ట్రీమింగ్ గొప్పా అని కాదు, అందులో ఉన్నది ఏ మాస్టరు, అంటే కాపీలు తీయడానికి చివరగా సిద్ధం చేసిన ఏ ప్రతి అని. పాత సీడీ మీద ఏ మాస్టరు పడిందో అదే ఉంటుంది. ఎవరో ఆఫీసులో కూర్చుని దాన్ని మార్చలేరు.

ఇక్కడ ఒక చావింటి సంగతి చెప్పాలి. మా వైపు ఎవరైనా పోతే, శవం లేచేదాకా ఇంటి ముందు ఘంటసాల భగవద్గీత వేస్తారు. ఆంధ్రాలోనూ అంతే, సరిహద్దుకి ఇవతలా అంతే. ఎంచిన శ్లోకాలు, వెంట తెలుగు తాత్పర్యం. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయారు. యాభై ఏళ్లు దాటినా చావింటికి ఆ గొంతే. ఒకప్పుడు టేప్ రికార్డర్ తెచ్చేవారు, తర్వాత సీడీ వచ్చింది, ఇప్పుడు ఫోనూ బ్లూటూత్ డబ్బా. మా పెద్దమ్మ పోయినప్పుడు ఓ కుర్రాడు తన ఫోన్ కలిపి పెట్టాడు. పాపం, మంచి మనసుతోనే పెట్టాడు. అర్జునుడి విషాదం నడుస్తుండగా గొంతు ఠక్కున ఆగి, అయిదు నిమిషాల్లో అప్పు ఇస్తామంటూ ఒక ఆడపిల్ల హుషారుగా ఇంగ్లిషు కలిపిన హిందీలో అరవడం మొదలుపెట్టింది. ఏడుస్తున్నవాళ్లు తలెత్తారు. కుర్రాడు పరిగెత్తుకెళ్లి స్కిప్ నొక్కాడు. మళ్లీ శ్లోకం. కాసేపటికి ఆ ఫోన్‌కి ఎవరో కాల్ చేశారు, రింగ్‌టోన్ డబ్బాలోంచి వీధంతా మోగింది. కాల్ చేసినవాడికి మాత్రం ఏం తెలుసు? "ఆపండ్రా బాబూ, అదైనా ఆపండి" అని మా పెదనాన్న అన్నారు. ఆయన గొంతు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

నేను ఇంటికెళ్లి చిన్న సీడీ ప్లేయరూ గీత సీడీ తెచ్చి పెట్టాను. మొదటినుంచి చివరిదాకా నడిచి, అయిపోయి, ఆగింది. కాసేపు ఎవరూ ఏమీ వేయలేదు.

ఆగడం అనేదాన్ని నేను చిన్నగా చూడను. ఫోన్‌లో పాట ఆగదు. ఒకటి అవగానే ఇంకోటి, నీకు నచ్చుతుందని ఎవరో అనుకున్నది, తగులుకుంటుంది. సీడీకి కొలత ఉంది. మొదట అనుకున్నది 74 నిమిషాలు, తర్వాత 80 దాకా సాగదీశారు. 74 ఎందుకంటే బీథోవెన్ తొమ్మిదో సింఫనీ ఒక్క డిస్కులో పట్టాలని సోనీ పెద్దలు పట్టుబట్టారని ఒక కథ తిరుగుతుంది. సీడీ తయారీలో పనిచేసిన ఇంజినీరే దాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ కథ బాగుంది కాబట్టి ఆగదు. మన సంగీతానికి ఆ 74 నిమిషాలు చేసిన మేలు మాత్రం కథ కాదు. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు. మన సినిమా పాటా, ఆనాటి విద్వాంసుల కృతీ ఆ కొలతలోకే కుదించుకున్నాయి. ఎల్‌పీ వచ్చాక ఒక వైపు ఇరవై నిమిషాల పైన దొరికింది. క్యాసెట్టులో ముప్పై, నలభై అయిదు. అయినా కచేరీలో సుదీర్ఘంగా సాగే రాగం తానం పల్లవి మంచి పట్టులో ఉండగా తిప్పి పెట్టాల్సి వచ్చేది. 1982 అక్టోబర్‌లో జపాన్‌లో సీడీ ప్లేయర్ అమ్మకానికి వచ్చింది. సోనీ, ఫిలిప్స్ కలిసి రూపొందించిన ఆ పద్ధతితోనే, కచేరీలో ప్రధానాంశం మొత్తం, మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనంతో సహా, మధ్యలో లేవకుండా ఇంట్లో వినడం మామూలు సంగతైంది. అందులో తంబురా వెనక చుయ్యిమనే టేపు రొద ఉండదు. నాకు తెలిసి కర్ణాటక సంగీతం వినేవాళ్లలో సీడీ వదలనివాళ్లు ఎక్కువగా కనబడటానికి ఇదో కారణం.

"సీడీలు పాడైపోతాయి కదా, నా దగ్గరున్నవన్నీ పోయాయి" అంటారు చాలామంది. వాళ్లవి నిజంగానే పోయాయి. కానీ పోయినవి ఏ సీడీలో అడగండి. మా ఊళ్లలో 2000ల తర్వాత తిరిగిన వాటిలో చాలా భాగం ఎంపీ3 సీడీలు. "150 సూపర్ హిట్స్" అని పల్చటి ప్లాస్టిక్ కవరు, పైన రంగు వెలిసిన హీరో బొమ్మ. వాటిలో బోలెడన్ని కంప్యూటర్లో రాసినవి. ఫ్యాక్టరీలో అచ్చొత్తిన డిస్కూ, ఇంట్లో రాసిన డిస్కూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ లోపల సంబంధం లేదు. అచ్చొత్తినదానిలో పాట అంటే పాలికార్బొనేట్‌లో దిగిన సన్నసన్న గుంటలు, వాటి మీద అల్యూమినియం పూత. రాసినదానిలో గుంటలుండవు, లేజరుతో కాల్చిన ఒక రంగు పొర ఉంటుంది. ఆ రంగు ఎండకి, వేడికి వెలిసిపోతుంది. ఆటో డ్యాష్‌బోర్డు మీద ఎండాకాలమంతా పడున్న డిస్కు ఎందుకు బతుకుతుంది?

అచ్చొత్తినవి కూడా అమరం కాదు. ఇంగ్లండ్‌లో ఒక ఫ్యాక్టరీ నుంచి 1980ల చివర, 90ల మొదట్లో వచ్చిన కొన్ని డిస్కులు అంచులనుంచి గోధుమరంగుకి తిరిగి పాడయ్యాయి. కానీ అలాంటివి తక్కువ. మామూలుగా చూసుకుంటే మనల్ని దాటి బతుకుతాయి.

చూసుకోవడం అంటే పెద్ద పనేం లేదు. మెరిసే వైపు గీత పడితే జనం కంగారు పడతారు. అటువైపు లేజరు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండా చూస్తుంది, పైన ఉన్న సన్న గీత దానికి పెద్దగా ఆనదు. పైగా పాట తాలూకు అంకెల్ని వరసగా కాకుండా చెదరగొట్టి, పక్కన తప్పుదిద్దే అంకెల్ని కూడా చేర్చి రాశారు. దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల మేర చెరిగిపోయినా ప్లేయరు లెక్కగట్టి యథాతథంగా పూరించుకోగలదు. నిజంగా భయపడాల్సింది బొమ్మ ఉన్న వైపుకి. అల్యూమినియం పూతకీ మన గోటికీ మధ్య అక్కడున్నది సన్నటి లక్కలాంటి పొర, అంతే. బాల్‌పెన్నుతో గట్టిగా పేరు రాస్తే ఆ పేరే పాటని తినేస్తుంది. తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పకూడదు, మధ్యలోంచి అంచుకి తిన్నగా లాగాలి. ఎందుకంటే పాట లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టుకుని ఉంటుంది. చుట్ట వెంబడి గీత పడితే ఒకేచోట చాలా అంకెలు పోతాయి, అడ్డంగా పడితే ఒక్కో చుట్టలో కొంచెమే పోతుంది, దాన్ని దిద్దుకోవచ్చు. నా దగ్గర బాలమురళి కచేరీ డిస్కు ఒకటుంది, దాని మీద మా చిన్నది పాకే వయసులో సాధన చేసింది. చుక్క తడబడకుండా పాడుతుంది.

సీడీకి ఇంకో సుగుణం ఉంది, దాన్ని చేసినవాళ్లు కావాలని ఇచ్చినది కాదు. దానికి తాళం లేదు. 1980ల మొదట్లో ఆరేడు వందల మెగాబైట్లు ఇంట్లో కాపీ చేసుకునే కంప్యూటరు వస్తుందని వాళ్లు లెక్కలోకి తీసుకోలేదు. అందుకే అందులోని అంకెల్ని ఒక్కటి పోకుండా తీసి, ఏమీ నష్టపోకుండా కుదించే ఫ్లాక్ ఫైలుగా దాచుకోవచ్చు, ఇంకో హార్డ్‌డిస్కులో ఇంకో కాపీ పెట్టుకోవచ్చు. తర్వాత తాళం వేద్దామని చూసినవాళ్లు లేకపోలేదు. 2005లో సోనీ బీఎంజీ కొన్ని సీడీల్లో పెట్టిన కాపీ నిరోధక సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ల కంప్యూటర్లలో దొంగచాటుగా దూరిందని బయటపడి, కోర్టుల దాకా వెళ్లి, డిస్కుల్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇవాళ స్ట్రీమింగ్ యాప్‌లో "డౌన్‌లోడ్" నొక్కితే దిగేది ఆ యాప్ బతికున్నంతవరకు, నీ చందా నడుస్తున్నంతవరకు మాత్రమే పాడుతుంది. దాన్ని డౌన్‌లోడ్ అని ఎందుకు అంటున్నారో నాకైతే అర్థం కాదు.

లోపలి పుస్తకం సంగతి అందరూ చెప్పేదే కాబట్టి తొందరగా దాటేస్తాను. మృదంగం ఎవరు, వయొలిన్ ఎవరు, ఎవరి రచన, ఏ రాగం అన్నది అందులో అచ్చేసి ఉంటుంది. యాప్‌లో చాలాసార్లు గాయకుడి పేరూ కంపెనీ పేరూ మిగులుతాయి.

సీడీతో ఇబ్బందులు లేవా? బోలెడు. కొత్త తెలుగు సినిమా పాటలు సీడీగా వస్తున్నది దాదాపు లేదు, కాబట్టి నా అర అంతా పాతకాలమే. కొత్తవి నేనూ ఫోన్‌లోనే వింటాను, అందులో సిగ్గుపడేదేం లేదు. బస్సులో, వంటింట్లో, నడకలో ఫోనే హాయి. కొత్త కార్లలో సీడీ పెట్టే సందే తీసేశారు. అమెరికాలో 2000లో 90 కోట్లకు పైగా అమ్ముడైన సీడీలు 2021కి అయిదు కోట్లలోపుకి పడిపోయాయి. ఆ ఏడాది కాస్త పెరిగాయని అక్కడివాళ్లు సంబరపడ్డారు కానీ, దాన్ని పట్టుకుని సీడీ తిరిగొస్తోందని నేను చాటింపు వేయను. ఎల్‌పీలకి పట్టిన ఫ్యాషన్ అదృష్టం సీడీకి పట్టకపోవడమే నాలాంటివాడికి మేలు. ఎల్‌పీ వేలల్లో పలుకుతుంటే పాత సీడీ ఇంకా టీ టిఫిను ధరకి దొరుకుతోంది. బరంపురంలో, విశాఖలో పాత సామాన్ల దుకాణాల్లో అడుగు బుట్టలోంచి ఏరుకోవచ్చు. కొనేముందు డిస్కుని వెలుతురుకి అడ్డంగా పెట్టి చూడండి. సూదిమొన చుక్కల్లా వెలుగు కనబడితే పూత లేచిపోయిందన్నమాట, వదిలేయండి. మెరిసే వైపు నీలంగానో ఆకుపచ్చగానో కనబడితే అది రాసిన డిస్కు, వెండిలా ఉంటే చాలావరకు అచ్చొత్తినది.

నిజమైన టెన్షన్ డిస్కులతో కాదు, తిప్పే పెట్టెతో. మా ఊళ్లో రేడియో మెకానిక్కు ఒకాయన ఉన్నారు. క్యాసెట్టు డెక్కుల కాలం నుంచి అదే కొట్టు, ఇప్పుడు సగం బల్ల మొబైల్ స్క్రీన్‌లదే. ప్లేయరు "నో డిస్క్" అని చూపించడం మొదలుపెడితే ముందు లెన్స్ తుడుస్తారు, ట్రే బయటికి రాకపోతే రబ్బరు బెల్టు మారుస్తారు. ఈ రెండిటితోనే చాలా పెట్టెలు లేచి కూర్చుంటాయి. లేవకపోతే "హెడ్డు పోయింది" అంటారు, అంటే డిస్కుని చదివే లేజరు భాగం. చాలా ప్లేయర్లలో వాడిన హెడ్డు సోనీ వాళ్ల కేఎస్ఎస్-213. దాని పేరుతో నకళ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కొన్ని ఏళ్లు పనిచేస్తాయి, కొన్ని ఆ సాయంత్రానికే పోతాయి. ఆయన తర్వాత ఈ పని నేర్చుకున్నవాళ్లు మా ఊళ్లో లేరు. అది మాత్రం నా దగ్గర జవాబు లేని ప్రశ్న.

ప్రస్తుతానికి దొరికిన దారి పాత డీవీడీ ప్లేయర్లు. అవి సీడీలు కూడా పాడతాయి, వెనక ఎరుపు తెలుపు సాకెట్లు ఉంటాయి, ఏ ఆంప్లిఫయర్‌కైనా తగిలించొచ్చు. ఒకప్పుడు ప్రతి ఇంట్లో టీవీ కింద ఒకటి ఉండేది. అవన్నీ ఇప్పుడు అటక మీద, గుడ్డ కప్పుకుని ఉన్నాయి. కాబట్టి పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, పాతపట్నం వైపు ఈ వ్యాసం చదువుతున్నవాళ్లెవరైనా పండక్కి ఇల్లు దులుపుతూ అలాంటిది కిందికి దించితే, పాతిక రూపాయలకి పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేయకండి. నాకు కబురు పెట్టండి. వాడికన్నా ఎక్కువే ఇస్తాను. రిమోట్ లేకపోయినా పర్వాలేదు.